రెండు ఎర్ర బిళ్లలు

నియమాలు చదివేటప్పుడు డేగ మేడమ్ కాగితం వంక చూడదు. పద్నాలుగు నియమాలూ ఆవిడ రాసినవే, అన్నీ కంఠతా వచ్చినవే. కాగితం పట్టుకునేది ఊరికే, చేతులకు ఏదో ఒక పని ఉండాలి కాబట్టి. కళ్లు మాత్రం ఎదురుగా వరసలో నిలబడ్డ ఇరవై ఆరుమంది పిల్లల ముఖాల మీదే తిరుగుతుంటాయి. ఏ నియమం దగ్గర ఎవరు తల దించుకున్నారు, ఎవరు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచారు, ఎవరు మరీ బుద్ధిమంతుల్లా తలూపారు, అన్నీ అక్కడే పట్టేస్తుంది. మరీ బుద్ధిమంతుల్లా తలూపేవాళ్లంటే ఆవిడకు మొదటినుంచీ గిట్టదు.

ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబ్ అసిస్టెంట్. ఏటా మూడు రోజులు పిల్లల్ని కొండల్లోకి తీసుకెళ్లి, గుడారాలు వేయించి, మొక్కలు లెక్కపెట్టించే క్యాంపుకు పదకొండేళ్లుగా కాపలా ఆవిడే. పాఠం చెప్పడానికి లెక్చరర్ గారు ఉన్నారు. ఆయన మంచి మనిషి. ఎంత మంచి మనిషంటే, మొక్కలు అదిమిపెట్టడానికి తెచ్చిన పాత పేపర్లు విప్పితే చాలు, మూడేళ్ల కిందటి వార్తలు కూడా మొదటిసారి చూస్తున్నట్టు చదువుకుంటూ కూర్చుంటారు. కాబట్టి కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాల్సిన పని ఈవిడ మీద పడింది. ‘డేగ’ అని పేరు పెట్టింది ఏ బ్యాచ్ పిల్లలో ఆవిడకు తెలుసు. తెలియనట్టే ఉంటుంది. లోపల్లోపల కాస్త గర్వం కూడాను.

నియమాలేవీ ఊరికే పుట్టలేదు. తెలియని ఆకూ కాయా నోట్లో పెట్టుకోకూడదన్న నాలుగో నియమం, రుచి చూసి చెట్టు పేరు చెబుతానని ఒక మేధావి పందెం కాసిన ఏడాదిది. బూట్లు దులిపి తొడుక్కోవాలన్న ఆరో నియమం వెనక తేలు ఉంది. ఫోన్లన్నీ రేకు పెట్టెలో పెట్టాలన్న దాని వెనక, సెల్ఫీ కోసం వెనక్కి వెనక్కి నడిచిన అమ్మాయి ఉంది. ఎవరో ఒకరు తప్పు చేస్తారు, మర్నాటి నుంచి అదొక నియమమవుతుంది.

“ఎనిమిది,” అంది డేగ మేడమ్, మొదటిరోజు సాయంత్రం. “ప్రతి ఒక్కరి మెడలో విజిల్ ఉండాలి. పడుకున్నా సరే, స్నానానికెళ్లినా సరే. ప్రమాదమైతే మూడుసార్లు ఊదాలి. సరదాకి ఊదితే ఊరుకోను. తొమ్మిది. విజిల్ పోగొట్టుకున్నవాళ్లు మర్నాడు మొదటి వ్యాన్‌లో ఇంటికే.”

నీళ్ల డబ్బాలతో రోజూ పొద్దున్నే కింద ఊరినుంచి వ్యాన్ వస్తుంది. మొదటి వ్యాన్ అంటే అదే.

“పోగొట్టుకుంటే ఇంకోటి ఇవ్వరా మేడమ్?” అడిగాడు వెనక వరసలోంచి ఒక పొడుగాటి కుర్రాడు. అతన్ని అందరూ నిచ్చెన అంటారు.

“ఇంకోటి ఇస్తారని తెలిస్తే మీలో ఎవరైనా దాన్ని జాగ్రత్తగా చూసుకుంటారా?”

నిజానికి ఆవిడ పెట్టెలో డజను కొత్త విజిళ్లు ఉన్నాయి. పదకొండేళ్లుగా ఉన్నాయి. ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు.

“పది. గుడారాలు దాటి వెళ్తే ముగ్గురికి తక్కువ వెళ్లకూడదు. ఇద్దరిద్దరుగా వెళ్లడం అసలు కుదరదు. పట్టుబడితే ఇంటికి ఉత్తరం వెళ్తుంది, అది లెక్చరర్ గారి మాట. పదకొండు. వెళ్లేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు ఎరుపు వైపు తిప్పాలి, వచ్చాక నీలం వైపు తిప్పాలి. పన్నెండు. ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టుకోకూడదు. ఎవరైనా సరే, ముట్టుకుంటే మొదటి వ్యాన్.”

వంట గుడారం పక్కన నిలబెట్టిన చెక్కబోర్డు మీద మేకులకు ఇరవై ఆరు బిళ్లలు వేలాడుతున్నాయి. ఒకవైపు నీలం, ఒకవైపు ఎరుపు. మధ్యాహ్నం ఒంటిగంటకోసారి, సాయంత్రం నాలుగింటికోసారి బోర్డు చూస్తారు. నాలుగింటికి ఒక్క ఎరుపు కనిపించినా వెతకడానికి బయలుదేరాలి. మనుషుల్ని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారు. పిల్లలు ఒకచోట కుదురుగా ఉండరు, బిళ్లలు ఉంటాయి.

ఈ ఏడాది ఆ బోర్డు మీద మూడో వరసలో నాలుగో బిళ్ల ఆవిడ అక్క కూతురిది.

బయలుదేరేముందు అక్క ఇంటికి పిలిచి, తలుపు దగ్గరకు వేసి మరీ చెప్పింది. “దాని మీద ఓ కన్నేసి ఉంచవే. ఈ మధ్య ఫోన్ చూసుకుని తనలో తను నవ్వుకుంటోంది. వాళ్ల నాన్న సంగతి నీకు తెలుసుగా. ఏదైనా తేడా కబురు ఇంటికొచ్చిందో, చదువు మాన్పించి కూర్చోబెడతాడు. ఆపడం నా వల్ల కాదు.”

“నా కళ్లు కప్పి ఎక్కడికి పోతుందే?” అంది చెల్లెలు. ఆ మాట అన్నప్పుడు అక్క ముఖంలో భయం తగ్గడం చూసి పొంగిపోయింది కూడా.

పిల్లతో మాత్రం ముందే కచ్చితంగా చెప్పేసింది. “క్యాంపులో పిన్నీ గిన్నీ అని పిలవకు. అందరితోపాటే నువ్వూ. మేడమ్ అను.” ఆ పిల్ల నవ్వి, “సరే మేడమ్,” అంది. మరీ బుద్ధిగా తలూపింది.

*

రెండోరోజు పొద్దున్నే అనుమానం మొదలైంది. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, తక్కినవాళ్లంతా చేతులు మడుచుకుని, పైగుండీలు విప్పుకుని తిరుగుతున్నారు. ఈ పిల్ల మాత్రం చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంది. విజిల్ తాడు కాలర్ లోపలికి పోయింది. మాటిమాటికీ చెయ్యి గొంతు దగ్గరికి వెళ్తోంది. అక్కడ ఏదో దాస్తోంది. గొలుసా? ఎవరిచ్చారు?

నియమాలు చదవడం అయ్యాక విజిల్ తనిఖీ. వరసలో ఒక్కొక్కరూ ఒక్కసారి ఊదాలి. నిచ్చెన పక్కన ఆ పిల్ల నిలబడింది. నిన్న ఎక్కడో ఆ చివర ఉన్న పిల్ల, ఇవాళ ఇతని పక్కకెలా వచ్చింది? నిచ్చెన ఊదాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పిల్ల చెయ్యి కూడా వెనక్కి వెళ్లింది. వెనక రెండు చేతులూ కలిశాయి. ఒక్క క్షణమే, కానీ డేగ మేడమ్ చూసింది. ఆ పిల్ల రెండు అరచేతుల మధ్యా ముఖం పెట్టుకుని ఊదింది, చెవులు ఎర్రబడ్డాయి.

రెండు విజిళ్లూ ఒకేలా, చివర కాస్త బొంగురుగా మోగాయి. ఆవిడ చెవులు ఆ మాట చెప్పకపోలేదు. అయితే అప్పుడు ఆవిడ మనసంతా ఆ చేతుల మీదే ఉంది, చెవుల మాట ఎవరు వింటారు?

ఇక ఆ రోజంతా ఆవిడకు వేరే పని లేకపోయింది. పిల్లలు వాగు ఒడ్డున తాడుతో నాలుగు మూలలూ కట్టి, ఆ చదరంలో ఉన్న మొక్కల్ని లెక్కపెట్టే పనిలో ఉన్నారు. చదరానికి నలుగురు. ఈ ఇద్దరిదీ ఒకటే చదరం. అదెప్పుడు కుదిరింది? పలకరించే నెపంతో మూడుసార్లు ఆ పక్కకు వెళ్లింది. వెళ్లిన మూడుసార్లూ మాటలు టక్కున ఆగిపోయాయి. ఆ పిల్ల మొక్కల్ని చూడ్డం లేదు, రాళ్ల సందుల్లోకి చూస్తోంది. నిచ్చెన పైకి, వాగు వచ్చే దిక్కుకు చెయ్యి చూపిస్తూ ఏదో అన్నాడు. ‘అక్కడ’ అన్న ఒక్క మాట వినిపించింది.

“అక్కడేంటి?” అంది డేగ మేడమ్ వెనకనుంచి.

నిచ్చెన ఎగిరిపడ్డాడు. “ఏం లేదు మేడమ్. అక్కడ... నాచు బాగుందని.”

“నాచు ఇక్కడా బాగానే ఉంది.”

“అవును మేడమ్. ఇక్కడిదీ బాగానే ఉంది,” అన్నాడు నీళ్లు నములుతూ. అక్క కూతురు తల ఎత్తలేదు.

మధ్యాహ్నం రొట్టె ముక్క చేత్తో పట్టుకుని డేగ మేడమ్ ఆ ఇద్దరినే చూస్తూ కూర్చుంది. ఆ పిల్లను పక్కకు పిలిచి అడిగేయొచ్చు. ఏమని అడుగుతుంది? అడిగితే అబద్ధం చెబుతుంది, నిజం చెబితే ఇంకా కష్టం. చేతికి చిక్కేదాకా ఊరుకోవడమే ఆవిడ పద్ధతి. దొరికిపోయినవాళ్లతో మాట్లాడ్డం తేలిక.

*

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా బోర్డు దగ్గరికి వచ్చింది. మూడో వరసలో నాలుగోది ఎరుపు. ఐదో వరసలో చివరిది, నిచ్చెనది, ఎరుపు. తక్కినవన్నీ నీలం.

గుండె గుభేలుమంది. భయంతో కాదు, అది తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఎంత ధైర్యం! ఇద్దరే, పట్టపగలు, పిన్ని కళ్ల ముందే! పైకొండకేసి చూసింది. కొండ కొసన మబ్బు కమ్ముతోంది. అటునుంచి ఎవరూ రావడం లేదు.

ఇటునుంచి లెక్చరర్ గారు వస్తున్నారు, ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో పాత పేపరు. ఇంకో ఇరవై అడుగులు.

ఆ ఇరవై అడుగుల్లోనే ఆవిడ అంతా చూసేసింది. ఆయన బోర్డు చూస్తారు. ఇద్దరు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. పదో నియమం. ఉత్తరం ఇంటికి వెళ్తుంది. బావ చదువుతాడు. అక్క తలుపు దగ్గరకు వేసుకుని ఏడుస్తుంది. ఆ పిల్ల పుస్తకాలు అటకెక్కుతాయి. ‘నా కళ్లు కప్పి ఎక్కడికి పోతుందే’ అన్నది ఎవరు?

ఐదు నిమిషాల్లో వచ్చేస్తారు. రాగానే చెవి మెలేసి గుడారంలోకి ఈడ్చుకెళ్తాను. ఇది ఇంటి సంగతి, ఇంట్లోనే తేల్చుకుంటాను.

చెయ్యి చాపింది. రెండు బిళ్లలూ నీలం వైపు తిప్పింది.

“అందరూ ఉన్నట్టేనా మేడమ్?” అన్నారు లెక్చరర్ గారు.

“చూస్తున్నారుగా,” అంది. అబద్ధం చెప్పలేదు. బోర్డుతో చెప్పించింది.

ఆయన తృప్తిగా టీ ఒక గుటక తాగారు. “వానొచ్చేలా ఉంది. పిల్లల్ని గుడారాల్లో కూర్చుని మొక్కలు అదిమిపెట్టుకోమనండి.”

వాన నిజంగానే వచ్చింది. కింద తుంపర, పైకొండ మీద మాత్రం కుండపోత. పిల్లలంతా గుడారాల్లోకి దూరారు. ఎవరు ఏ గుడారంలో ఉన్నారో ఎవరికీ తెలియదు. ఆ రెండు జతల కాళ్లు ఇప్పుడొస్తాయి, ఇప్పుడొస్తాయి అని డేగ మేడమ్ వంట గుడారం అంచున నిలబడి దారికేసి చూస్తూనే ఉంది. పదినిమిషాలు. ఇరవై. వాగు రంగు మారింది. పొద్దున అడుగు రాళ్లు కనిపించిన నీళ్లు ఇప్పుడు మట్టిరంగులో ఉన్నాయి.

అప్పుడు వినిపించింది విజిల్. దూరంగా, వాన చప్పుడులోంచి, సన్నగా. చివర కాస్త బొంగురుగా.

లెక్చరర్ గారు పేపర్లోంచి తలెత్తారు. “విజిలా అది?” వెంటనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లారు. వరస వరసా వేలితో చూశారు. ఆయన ముఖం కుదుటపడింది. “మనవాళ్లు కాదులెండి, అందరూ ఇక్కడే ఉన్నారు. గొర్రెల కాపరెవరో అయ్యుంటాడు.”

ఆయన మళ్లీ కూర్చున్నారు. పదకొండేళ్లుగా ఆ బోర్డు ఒక్కసారి కూడా ఆయనకు తప్పు చెప్పలేదు మరి.

ఆటలాడుతున్నారు, అనుకుంది డేగ మేడమ్. అనుకోవాలని చూసింది. సరదాకి ఊదుతున్నారు, రానీ చెబుతాను. మళ్లీ మోగింది. ఒకటి. రెండు. మూడు. ఆగింది. ఒకటి. రెండు. మూడు. ఎనిమిదో నియమం, ఆవిడ రాసింది రాసినట్టు.

నోరు తెరిస్తే పదకొండేళ్ల పేరు పోతుంది, అక్క కూతురి గుట్టు పోతుంది. తెరవకపోతే ఏం పోతుందో ఆ మట్టినీళ్లు చూస్తే తెలుస్తూనే ఉంది.

“లెక్చరర్ గారూ, ఆ బోర్డు తప్పు,” అంది. “రెండు బిళ్లలు నేను తిప్పాను.”

ఆయనకు అర్థం కాలేదు. “మీరు తిప్పడమేంటి?”

“మా అక్క కూతురూ, ఆ నిచ్చెనా బయటే ఉన్నారు. ఇద్దరూ... నేను వేరేలా అనుకున్నాను. మీకు తెలియకూడదని తిప్పాను.”

“ఎన్నింటికి?”

“నాలుగింటికి.”

ఆయన గడియారం చూసుకున్నారు. ఐదుకు ఇరవై నిమిషాలుంది. టీ గ్లాసు కింద పెట్టి, తాడు తెమ్మని వంటమనిషిని కేకేశారు. ఒక్క మాట తిట్టినా ఆవిడకు కాస్త తేలికయ్యేది.

*

విజిల్ వినిపించిన వైపే పరుగెత్తారు. లెక్చరర్ గారు, తాడూ గునపమూ పట్టుకుని వంటమనిషి, ఇద్దరు విద్యార్థులు, అందరికంటే ముందు డేగ మేడమ్. ఆ వయసులో ఆ రాళ్ల మీద అలా పరుగెత్తగలనని ఆవిడకే తెలియదు.

వాగు మలుపులో కనిపించారు. ఆ పిల్ల తొడల దాకా నీళ్లలో ఉంది. ఎడమ పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంది. వెనకనుంచి నిచ్చెన రెండు చంకల కిందా చేతులు వేసి, పడిపోకుండా ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. విజిల్ పళ్ల మధ్య ఉంది. పెదాలు నీలంగా మారాయి. వీళ్లను చూసి కూడా ఇంకోసారి ఊదాడు. ఆపాలన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

“పిన్నీ!” అని అరిచింది ఆ పిల్ల. అందరి ముందూ.

వంటమనిషి బండ కింద గునపం దూర్చి బలమంతా వేశాడు. డేగ మేడమ్ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో పాదం చుట్టూ ఇసుక తోడింది. బండ ఒక్క అంగుళం కదిలింది. అది చాలింది.

వంట గుడారంలో పొయ్యి పక్కన దుప్పట్లు కప్పి కూర్చోబెట్టారు. చీలమండ గుమ్మడికాయంత వాచింది గానీ, ఎముక విరిగినట్టు లేదు. దుప్పటి చాటున తడిచొక్కా విప్పి పొడిది తొడిగేటప్పుడు డేగ మేడమ్ ఆ మెడ చూసింది. గొలుసు లేదు. ఉత్త తాడు. చివర తెగిన రింగు, దానికి ఏమీ లేదు.

“విజిలేదే?”

ఆ పిల్ల తెగిన రింగును వేళ్లతో తడిమింది. “నిన్న సాయంత్రం, పైన వాగు దగ్గర ఊడిపోయింది. పొద్దున తనిఖీలో వాడిది తీసుకుని ఊదాను. ఎలాగైనా వెతుక్కుందామని వెళ్లాం. ముగ్గురం వెళ్దామంటే ఇంకొకళ్లకి చెప్పాలి, చెబితే మీదాకా వస్తుంది.”

“నాకు చెప్పొచ్చుగా! నేను నీకు పిన్నిని!”

“మేడమ్ అని పిలవమన్నారు కదా,” అంది ఆ పిల్ల. ఎత్తిపొడుపుగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే అంది. “విజిల్ పోతే మొదటి వ్యాన్. ఇంటికెళ్తే నాన్న ఎందుకు పంపించేశారని అడుగుతారు. విజిల్ పోయిందంటే నమ్ముతారా?”

డేగ మేడమ్ ఆ ఉత్త తాడుకేసి చూసింది. తనైతే నమ్మేదా?

నిచ్చెన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, అపరాధిలా చెప్పాడు. “ముందే ఊదేవాణ్ణి మేడమ్. ఊదితే అందరికీ తెలిసిపోతుందని ఆగాం. నాలుగింటికి బోర్డు చూస్తారు, ఎరుపు చూసి మీరే వస్తారనుకున్నాం. బిళ్లలు తిప్పే వెళ్లాం కదా. నాలుగున్నరకి కూడా ఎవరూ రాకపోయేసరికి, నీళ్లు పెరుగుతుంటే, ఇక...” అతను ఆగి, నిజంగానే అర్థంకాక అడిగాడు. “బోర్డు ఎవరూ చూళ్లేదా మేడమ్?”

“చూశాను,” అంది ఆవిడ. “నేనే చూశాను.”

ఆ తర్వాత జరిగింది జరిగినట్టు ఇద్దరికీ చెప్పింది. వాళ్ల గురించి ఏమనుకుందో, అది కూడా దాచలేదు. నిచ్చెన తల దించుకుని గ్లాసులోకి చూశాడు. అక్క కూతురు మాత్రం ఆవిడ ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. చూపు తిప్పుకోవలసి వచ్చింది డేగకే.

*

మూడోరోజు పొద్దున పిల్లలు వరసలో నిలబడ్డారు. డేగ మేడమ్ కాగితం తీసింది. ఈసారి కళ్లు కాగితం మీదే పెట్టి చదివింది, చదవడం అప్పుడే నేర్చుకున్నట్టు. ఎనిమిది చదివింది. తొమ్మిది దగ్గర ఆగి, జేబులోంచి పెన్ను తీసి కొట్టేసింది. పెట్టెలోంచి డజను కొత్త విజిళ్లు తెచ్చి, బోర్డు చివర ఖాళీ మేకుకు గుత్తిలా తగిలించింది.

“పోతే వచ్చి తీసుకోండి. నన్ను అడగక్కర్లేదు,” అంది.

పది, పదకొండు. పన్నెండు దగ్గర గొంతు సవరించుకుంది. “ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టుకోకూడదు. ఎవరైనా సరే, ముట్టుకుంటే మొదటి వ్యాన్.”

వరసలో ఎవరూ మోచేతులతో పొడుచుకోలేదు.

వ్యాన్ దగ్గర ఆవిడ సంచీ అప్పటికే సర్ది ఉంది. లెక్చరర్ గారు దగ్గరికొచ్చి, “అది పిల్లల కోసం రాసిన నియమం మేడమ్,” అన్నారు మెల్లగా.

“పిల్లలని లేదండి. ఎవరైనా సరే అని ఉంది. నేనే రాశాను.” కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది. “నాలుగింటికి బోర్డుతోపాటు తలలు కూడా లెక్కపెట్టండి.”

డాక్టరుకు చూపించాలి కాబట్టి అక్క కూతురు కూడా అదే వ్యాన్. వెనక సీట్లో ఖాళీ డబ్బాల మధ్య కాలు చాపుకుని, తల ఆవిడ భుజానికి ఆనించి కూర్చుంది. రెండు మలుపులు దిగాక ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. ఆవిడ అక్కకు తనే ఫోన్ చేసింది. కాలు సంగతి చెప్పింది. ఫర్వాలేదని చెప్పింది. తప్పు తనదేనని, ఎలాగో ఇంటికొచ్చి చెబుతానని చెప్పింది.

అక్క అంతా విని, అడగనే అడిగింది. “అంత దూరం ఒక్కతే ఎందుకెళ్లిందే?”

“ఒక్కతే కాదు. ఒకబ్బాయి ఉన్నాడు.”

భుజం మీద తల కొద్దిగా బిగుసుకుంది. ఆ ముఖంలో ఇప్పుడేముందో చూడాలంటే డేగ మేడమ్ కాస్త పక్కకు తిరిగితే చాలు. తిరగలేదు. కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

“ఎవడే వాడు?” అంది అక్క.

“విజిల్ ఉన్నవాడక్కా.”